పెళ్ళి సంబంధాలు ఎందుకిలా మారిపోయాయి? మన చిత్తూరు, తిరుపతి వైపు వాళ్లు చెప్పండి

పలమనేరు పాడిరైతు

అందరికీ నమస్కారం. నాకు 34 నిండాయి. పలమనేరు నుంచి తొమ్మిది కిలోమీటర్లు మా ఊరు. మూడున్నర ఎకరాలు, నీళ్లున్న బోరు, ఏడు పాడి ఆవులు. ఏడాదికి రెండు పంటలు టమోటా పెడతాను. డిగ్రీ పాసయ్యాను. అప్పు లేదు, తాగుడు లేదు. ఐదేళ్లుగా సంబంధాలు చూస్తూనే ఉన్నాం.

మొన్న ఆదివారం ఒక సంబంధం వాళ్లు వస్తామన్నారు. మా అమ్మ తెల్లారే లేచి ఇల్లు అలికి, కేసరి చేసింది. పదకొండు గంటలకు మధ్యవర్తి ఫోన్ చేసి "అబ్బాయి సేద్యం చేస్తాడని ఇప్పుడే తెలిసిందంట, రాము అంటున్నారు" అని పెట్టేశాడు. ఆ కేసరి ఎవరం ముట్టలేదు. సాయంత్రం అమ్మ దాన్ని ఆవుల కుడితిలో కలిపేసింది. ఏమీ మాట్లాడలేదు.

శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజ మూడుసార్లు చేయించాం. అక్కడ వరుసలో కూర్చున్నప్పుడు చూస్తే సగం మంది నాలాంటి వాళ్లే, పక్కన తల్లో తండ్రో. మా ఊళ్ళో ముప్ఫై దాటి పెళ్ళికాని మగపిల్లల్ని లెక్కపెట్టాను, 14 మంది. అదే ఊళ్ళో పాతికేళ్లు దాటి ఇంట్లో ఉన్న ఆడపిల్ల ఒక్కరు కూడా లేరు.

మా నాన్నకు 22 ఏళ్లకే పెళ్ళయింది. మా అమ్మ ఆయనకు సొంత అక్క కూతురు. సంబంధం వెతకనే లేదు, పుట్టినప్పుడే అనుకున్నారు. ఒక్క తరంలో ఇంత మార్పు ఎలా వచ్చింది? ఊళ్ళో అందరూ "ఆడపిల్లలకు ఆశలు ఎక్కువయ్యాయి" అంటారు. నాకు అదొక్కటే కారణం అనిపించడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

నగరి అత్త

నాయనా, నీ తల్లి ఆ కేసరి కుడితిలో కలిపింది అని చదివి కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకూ కొడుకున్నాడు, 33 ఏళ్లు, చెన్నైలో సాఫ్ట్‌వేర్. సేద్యం కాదు, మంచి జీతమే. వాడికీ కుదరలేదు. కాబట్టి నీది ఒక్కడి బాధ అనుకోవద్దు.

కానీ ఆశలు పెరగలేదని మాత్రం నేను ఒప్పుకోను. మా కులం వాట్సాప్ గ్రూపులో రోజుకు ఇరవై బయోడేటాలు వస్తాయి. ఒకప్పుడు "ఒక్కడే కొడుకు" అంటే ఆస్తంతా వాడిదే అని ఎగబడేవాళ్లు. ఇప్పుడు అదే మాట చూసి "అత్తమామలు కూడా ఉంటారా?" అని అడుగుతున్నారు. నన్ను ఒక పిల్ల నేరుగానే అడిగింది, "ఆంటీ, మీరు నగరిలోనే ఉంటారా, చెన్నై వచ్చేస్తారా?" అని. ఏమి చెప్పాలో తెలియలేదు. నేను కాపురానికి వచ్చినప్పుడు మా అత్తను ఒక్క ప్రశ్న అడిగానా?

సోషియాలజీ చెల్లి

నేను పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో సోషియాలజీ పీజీ చేశాను. అన్నా, మీరు మీ అమ్మానాన్నల పెళ్ళి గురించి రాసిన ఆ రెండు వాక్యాల్లోనే సగం జవాబు ఉంది.

మేనమామ, మేనకోడలు పెళ్ళి జరగాలంటే ఇంట్లో పిల్లలు ఎక్కువ మంది ఉండాలి. మీ నాన్నగారి తల్లికి ఎంతమంది పిల్లలు? ఆరుగురో ఏడుగురో అయి ఉంటారు. పెద్ద కూతురికీ నాలుగో బిడ్డ అయిన కొడుక్కీ పదేళ్ల తేడా. ఆ పెద్ద కూతురికి పదహారేళ్లకు పెళ్ళి, పద్దెనిమిదికి ఆడపిల్ల. అప్పుడు మేనమామకూ మేనకోడలికీ ఎనిమిదేళ్ల తేడా వస్తుంది. ఆ రోజుల్లో అది సరిజోడీ. ఇప్పుడు ఇద్దరే పిల్లలు. అక్కకూ తమ్ముడికీ మూడేళ్ల తేడా. అక్కకు పాతికేళ్లకు పెళ్ళి, ఇరవై ఏడుకు కూతురు. అంటే మేనమామకు 24 ఏళ్లొచ్చాక మేనకోడలు పుడుతుంది. ఇంక ఆ మాట ఎవరు ఎత్తుతారు?

మేనమామ పెళ్ళిని ఎవరూ ఉద్యమం చేసి ఆపలేదు. కుటుంబం చిన్నదై, ఆ వరస ఇంట్లో దొరకకుండా పోయింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 1992-93 నాటికి సగటున ఒక స్త్రీకి 2.6 మంది పిల్లలు, 2019-21 సర్వే నాటికి 1.7. ఒక్కరితోనే ఆపేసిన ఇళ్లలో తరవాతి తరానికి మేనమామే ఉండడు, మేనత్తే ఉండదు. అలాగని మేనరికాలు పూర్తిగా పోలేదు. అదే సర్వేలో మన రాష్ట్రంలో దాదాపు నాలుగో వంతు పెళ్ళిళ్లు దగ్గరి బంధువుల మధ్యే అని తేలింది. దేశం మొత్తం మీద అది 11 శాతమే.

రెండో లెక్క ఇంకా కష్టంగా ఉంటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరేళ్లలోపు పిల్లల్లో వెయ్యి మంది మగపిల్లలకు 2001 జనాభా లెక్కల్లో ఆడపిల్లలు 961 మంది. 2011 నాటికి 939. 2001లో లెక్కపెట్టిన ఆ పసిపిల్లలే ఇప్పుడు పెళ్ళీడుకొచ్చారు. స్కానింగ్‌లో ఆడో మగో చెప్పకూడదని 1994లోనే చట్టం వచ్చినా ఈ అంకె పడిపోయింది. దీనికి తోడు మగపిల్లలు తమకంటే నాలుగైదేళ్ల చిన్నవాళ్లను వెతుకుతారు. పుట్టే పిల్లలు ఏటేటా తగ్గుతుంటే, తమకంటే చిన్నవాళ్ల జట్టు ఎప్పుడూ తమ జట్టు కంటే చిన్నదే. మా తరగతిలో ఈ లెక్క బోర్డు మీద వేసినప్పుడు మేడమ్ కాసేపు సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడ్డారు. వాళ్ల తమ్ముడికి కూడా కుదరలేదని తరవాత తెలిసింది.

చంద్రగిరి మాస్టారు

రిటైరైన సోషల్ టీచర్ని. అమ్మాయి లెక్క చక్కగా చెప్పింది. నేను డబ్బు వైపు నుంచి ఒక మాట చెబుతాను.

మనం వెంకన్న పాదాల దగ్గర ఉన్నవాళ్లం. శ్రీనివాసుడు పద్మావతిని చేసుకోవడానికి కుబేరుడి దగ్గర అప్పు చేశాడని చిన్నప్పటి నుంచి వింటున్నాం. ఆ పెళ్ళి నారాయణవనంలో జరిగిందని, కొత్త దంపతులు శ్రీనివాస మంగాపురంలో ఉన్నారని స్థలపురాణం. ఆ కథలో పెళ్ళికి అప్పు చేసింది ఎవరు? మగపెళ్ళివారు! ఆ కథ చెప్పుకున్న జనానికి అందులో వింతేమీ కనిపించలేదు. ఎందుకంటే రాయలసీమలో చాలా కులాల్లో ఓలి, అంటే పిల్ల పుట్టింటికి డబ్బు, ఇచ్చి పిల్లను తెచ్చుకునేవాళ్లు. పొలంలో పనిచేసే ఆడమనిషి పుట్టింటి నుంచి వెళ్లిపోతుంటే ఆ ఇంటికి నష్టం, ఆ నష్టానికి ఓలి.

తర్వాత ఉద్యోగాలు వచ్చాయి. ప్రభుత్వ ఉద్యోగి అల్లుడు కావాలని కట్నం పెట్టడం మొదలైంది. ముందు పై కులాల్లో, ఆ తర్వాత వాళ్లను చూసి మిగతావాళ్లు. కింది కులాలు పై కులాల ఆచారాలను అందుకోవడం గురించి సామాజిక శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ గారు చెప్పింది మన కళ్ల ముందే జరిగింది. ఓలి ఇచ్చిన ఇంట్లోనే ఒక తరం తర్వాత కట్నం అడిగారు. 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చాక కూడా ఆగలేదు. మా నాయన ఓలి ఇచ్చి మా అమ్మను తెచ్చుకున్నాడు. నేను మా ఆవిడ దగ్గర కట్నం తీసుకున్నాను. ఇది చెప్పుకోవడానికి నాకు సిగ్గుగానే ఉంది, కానీ దాచి మాట్లాడితే ఈ చర్చకు అర్థం లేదు.

ఇప్పుడు సేద్యం చేసే అబ్బాయిల ఇళ్లలో కట్నం మాట వినపడటం లేదు. "పెళ్ళి ఖర్చు మొత్తం మాదే" అంటున్నారు. కొందరు పిల్ల వాళ్లకే డబ్బు ఇస్తున్నారు, ఎదురు కట్నం అంటున్నారు. ఓలే మళ్ళీ వచ్చింది. ఒక తేడా ఉంది. అప్పుడు పిల్ల పొలం పని చేస్తుందని ఇచ్చారు. ఇప్పుడు పిల్ల పొలంలోకి దిగనని అంటుంది కాబట్టి ఇస్తున్నారు.

సత్యవేడు షిఫ్ట్

నాకు 26. శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో లైన్ మీద పని. పొద్దున ఐదున్నరకు కంపెనీ బస్సు ఎక్కుతాను. "ఆడపిల్లలకు ఆశలు" అని అందరూ రాస్తున్నారు కాబట్టి ఆ ఆడపిల్ల తరఫున నేను రాస్తాను.

మా అమ్మది మేనరికం. మా నాన్న ఆమెకు సొంత మేనమామ. బయటి సంబంధం కాదు కదా, పిల్ల సుఖపడుతుంది అనుకున్నారు. మా నాన్న తాగి కొడితే మా అమ్మ పోయి వాళ్లమ్మకు, అంటే మా జేజికి చెప్పుకునేది. జేజి ఏమనేదో తెలుసా? "కొట్టింది నా తమ్ముడే కదే, ఎవరితో చెప్పేది." అమ్మకు పుట్టిల్లూ అదే, అత్తిల్లూ అదే. అలిగి పోవడానికి ఇంకో గడప లేదు. నేను చిన్నప్పుడు అమ్మ ఏడుస్తూ ఇంటి వెనకాల చింతచెట్టు కిందకు పోయి కూర్చునేది. అంతకంటే దూరం పోయింది ఎప్పుడూ చూడలేదు.

అందుకే నా షరతులు రెండే. నా బ్యాంకు ఖాతా నా దగ్గరే ఉండాలి. పెళ్ళయినా ఉద్యోగం మానను. ఈ రెండూ చెప్తే మూడు సంబంధాలు వెనక్కి పోయాయి.

ఎవరూ రాయని సంగతి ఇంకొకటి. నా జీతంతోనే తమ్ముడి ఫీజు కడుతున్నాం, ఇంటి అప్పు తీరుస్తున్నాం. మా అమ్మ "ఇంకో ఏడాది ఆగుదాంలే" అని మూడేళ్లుగా అంటోంది. అమ్మను తప్పు పట్టడం లేదు. పిల్ల బరువు అనుకున్న రోజుల్లో తొందరగా పంపేశారు. పిల్ల సంపాదిస్తుంటే ఆలస్యం చేస్తున్నారు. మా బస్సులో నాలాంటి అక్కలు చాలామంది ఉన్నారు.

నగరి అత్త

తల్లీ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. మా అక్కను కూడా మా మామకే ఇచ్చారు. ఎప్పుడూ ఏమీ చెప్పేది కాదు. నేను అడగలేదు కూడా.

నర్సు తిరుపతి

వినికిడి లేని బిడ్డను తెస్తే డాక్టర్లు మొదట అడిగే ప్రశ్నల్లో "మేనరికమా?" అన్నది ఒకటి. మేనమామకూ మేనకోడలికీ జన్యువుల్లో నాలుగో వంతు ఉమ్మడిగా ఉంటాయి. మేనత్త, మేనమామ పిల్లలకు ఎనిమిదో వంతు. ఇద్దరిలోనూ ఒకే లోపం దాగి ఉంటే అది బిడ్డలో బయటపడే అవకాశం పెరుగుతుంది. మేనరికం పిల్లలందరికీ జబ్బులు వస్తాయని కాదు, చాలామంది ఆరోగ్యంగానే ఉంటారు. కానీ ఒక బిడ్డకు అలా జరిగిన ఇంట్లో రెండో తరం ఇక ఆ మాట ఎత్తదు. మా అక్క కొడుక్కి మాటలు రాలేదు. మా ఇంట్లో మేనరికాలు అక్కడితో ఆగిపోయాయి.

కుప్పం టీచరమ్మ

ఇక్కడ అందరూ ఆలస్యం పెళ్ళిళ్ల గురించే మాట్లాడుతున్నారు. నేను హైస్కూల్లో తెలుగు చెబుతాను. నా బాధ వేరే.

2019-21 సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ల మధ్య ఉన్న ఆడపిల్లల్లో 29.3 శాతం మందికి పద్దెనిమిది లోపే పెళ్ళయింది. దేశం మొత్తానికి 23.3 శాతం. చదువుల రాష్ట్రం అనుకుంటున్న మనం దేశం కంటే వెనక ఉన్నాం. సంక్రాంతి సెలవుల తర్వాత పదో తరగతిలో నేను మొదట చూసేది మూడో బెంచీ. అక్కడ ఒక బ్యాగు లేకపోతే నా గుండె ఆగిపోతుంది. ఒకసారి ఒక పిల్ల వారం తర్వాత వచ్చింది, కాళ్లకు మెట్టెలు లేవు, కానీ వేళ్ల మీద వాటి ముద్రలున్నాయి. బడికి తీసేసి పంపారు.

ఎందుకు చేస్తారు? తండ్రి బెంగళూరులో బేల్దారి పని, తల్లి కూడా అక్కడే. పిల్ల జేజి దగ్గర ఉంటుంది. ఎదిగిన పిల్లను చూసుకునేవాళ్లు లేరని భయం. ఎవరితోనైనా వెళ్లిపోతుందేమో అని ఇంకో భయం. ఆ ఫోన్ ఒకటి చేతికొచ్చాక ఈ భయం పదింతలైంది. అప్పుడే ముప్ఫై దాటిన మగపిల్లాడి ఇంటివాళ్లు వచ్చి "ఒక్క రూపాయి వద్దు, మేమే బంగారం పెడతాం" అంటారు. అబ్బాయిలకు పిల్లలు దొరకని బాధ తిరిగి తిరిగి పేద ఇంటి పదహారేళ్ల పిల్ల మీదికే వస్తోంది. మాస్టారు చెప్పిన ఓలి కథకు రెండో వైపు ఇదే.

పేద ఆడపిల్లల పెళ్ళికి ప్రభుత్వం డబ్బు ఇచ్చిన కల్యాణమస్తు పథకానికి 2022లో వధూవరులిద్దరూ పదో తరగతి పాసై ఉండాలని నిబంధన పెట్టినప్పుడు, నేను ఆ ఒక్క ముక్క పట్టుకుని మూడు ఇళ్లలో మాట్లాడాను. రెండు చోట్ల పని చేసింది. మూడో ఇంటికి పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయాల్సి వచ్చింది. ఆ ఊళ్ళో ఇప్పటికీ నాతో కొందరు మాట్లాడరు.

పలమనేరు పాడిరైతు

టీచరమ్మా, నాకు కూడా ఒక మధ్యవర్తి పదిహేడేళ్ల పిల్ల ఫోటో పంపాడు. "ఆధార్ సంగతి మేం చూసుకుంటాం" అన్నాడు. ఆ నంబరు బ్లాక్ చేశాను. మా అమ్మ వారం రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

కోర్టు వీధి, చిత్తూరు

వకీలును. ఆస్తి సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెబుతున్నాను. మేనరికానికి ప్రేమ ఒక కారణమైతే పొలం ఇంకో కారణం. కూతురికి పసుపు కుంకుమ కింద రెండెకరాలు ఇచ్చినా అది తమ్ముడింటికే పోతే గట్టు మారదు. 1985లో ఎన్టీఆర్ ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టానికి రాష్ట్ర సవరణ తెచ్చి ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమాన హక్కు ఇచ్చింది. కేంద్రం ఆ పని 2005లో చేసింది. మన రాష్ట్రం ఇరవై ఏళ్లు ముందుంది. అయితే కాగితం మీద ఉన్న హక్కు ఇంటికి చేరడం వేరు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది అక్కచెల్లెళ్ల చేత హక్కు విడుదల పత్రం రాయించుకోవడానికే వస్తారు. ఆ అక్కచెల్లెళ్లు మా ఆఫీసు బెంచీ చివర కూర్చుని, తమ్ముడి ముఖం చూసి సంతకం పెడతారు. ఒక్కరే ఒకసారి నన్ను అడిగారు, "సార్, పెట్టకపోతే ఏమవుతుంది?" అని. మీ వాటా మీకు ఉంటుందమ్మా అని చెప్పాను. పెన్ను బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

మేనమామ పెళ్ళి చట్టప్రకారం చెల్లుతుందా అని కూడా అడుగుతుంటారు. 1955 హిందూ వివాహ చట్టం దగ్గరి రక్తసంబంధాన్ని నిషేధిస్తూనే, ఆచారం ఉన్నచోట మినహాయింపు ఇచ్చింది. మన వైపు ఆచారం ఉంది కాబట్టి చెల్లుతుంది.

మదనపల్లె టు బెంగళూరు

నాది కులాంతర వివాహం. ఇద్దరం హిందువులమే అయినా ప్రత్యేక వివాహ చట్టం కింద నోటీసు పెట్టాలేమో, ముప్ఫై రోజులు బోర్డు మీద అతికిస్తారేమో అని ఏడాది టెన్షన్ పడ్డాం. వకీలు గారు సరిచేయండి, ఇద్దరూ హిందువులైతే కులం వేరైనా అది అవసరం లేదు కదా?

కోర్టు వీధి, చిత్తూరు

అవసరం లేదమ్మా. హిందూ పద్ధతిలో పెళ్ళి చేసుకుని రిజిస్టర్ చేయించుకోవచ్చు. ముప్ఫై రోజుల నోటీసు 1954 ప్రత్యేక వివాహ చట్టానికే. ఈ చిన్న విషయం తెలియక ఎంతమంది పిల్లలు భయపడి రాత్రికి రాత్రి ఊరు వదిలిపోతున్నారో.

సోషియాలజీ చెల్లి

సత్యవేడు అక్క రాసింది చదివాక నేను మొదట రాసింది సగమే అనిపించింది. మళ్ళీ రాస్తున్నాను, కొంచెం పొడుగవుతుంది.

ఇరావతీ కర్వే అనే మానవశాస్త్రవేత్త 1950ల్లోనే ఉత్తరాది, దక్షిణాది బంధుత్వాలను పోల్చి చూశారు. ఉత్తరాదిలో పిల్లను తెలియని ఊరికి, తెలియని ఇంటికి ఇస్తారు. దక్షిణాదిలో కోడలు వెళ్లేది తెలిసిన ఇంటికే. అత్తగారు అంటే మేనత్తో అమ్మమ్మో. మన తెలుగులో చూడండి, నాన్న చెల్లెలూ అత్తే, భర్త తల్లీ అత్తే. అమ్మ తమ్ముడూ మామే, భర్త తండ్రీ మామే. ఆ ఇంట్లో ఎవరు ఎలాంటివాళ్లో, ఎవరికి కోపం ఎక్కువో పిల్లకు పుట్టినప్పటి నుంచి తెలుసు. కొత్తగా విచారించాల్సిన పని లేదు.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు. మేనరికం తగ్గింది, ఊరు దాటి, జిల్లా దాటి, వాట్సాప్‌లో వచ్చిన ఒక కాగితం చూసి ముక్కూ మొహం తెలియని ఇంటికి పోవాలి. తెలియని ఇంటికి పోయే మనిషి ఏం చేస్తుంది? అడుగుతుంది. అత్తమామలు ఎక్కడ ఉంటారు, జీతం ఎవరి చేతిలో ఉంటుంది, బాత్రూం ఎక్కడ, ఉద్యోగం చేయనిస్తారా. మనం వాటిని షరతులు అంటున్నాం. ఒకప్పుడు పెద్దవాళ్లకు బంధుత్వం ద్వారా తెలిసిన సంగతులనే ఇప్పుడు పిల్ల సొంతంగా నోరు తెరిచి అడగాల్సి వస్తోంది. నగరి అత్తా, మీరు మీ అత్తగారిని ఒక్క ప్రశ్న అడగలేదన్నారు. ఆవిడ మీకు ముందే తెలుసు కదా?

అయితే తెలిసిన ఇల్లు అంటే భద్రమైన ఇల్లు అని కాదు. సత్యవేడు అక్క వాళ్లమ్మ కథ నాకు అదే నేర్పింది. మా పుస్తకాల్లో మేనరికం ఆడపిల్లకు రక్షణ అని చదువుకున్నాను, పరీక్షలో కూడా అలాగే రాశాను. చింతచెట్టు గురించి అందులో లేదు.

ఇంకొకటి. ఎన్టీఆర్ 1983లో తిరుపతిలో మా యూనివర్సిటీ పెట్టినప్పటి నుంచి, ఊరి బస్సు ఎక్కి చదువుకోవడానికి వచ్చిన ప్రతి పిల్లనూ ఇంట్లో ఒకే మాట చెప్పి పంపారు: "మాలాగా ఎండలో పడకూడదు, చదువుకో." ఆ మాట చెప్పింది రైతు తల్లిదండ్రులే. పిల్ల ఆ మాట విన్నది. పేడ ఎత్తడం కష్టమని ఆమెకు ఎవరో సినిమాలో చూపించలేదు, వాళ్లమ్మ చేతులు చూసి తెలుసుకుంది. ఇప్పుడు అదే తల్లిదండ్రులు కొడుక్కి మాత్రం పేడ ఎత్తే కోడలు కావాలంటున్నారు. ఒక్క ఇంట్లోనే ఈ రెండు కోరికలూ ఉంటే సంబంధం ఎక్కడ కుదురుతుంది?

చంద్రగిరి మాస్టారు

ఈ అమ్మాయి చెప్పింది నాకు సూటిగా తగిలింది. నా కూతుళ్లిద్దరికీ "రైతుకు ఇవ్వను" అని నేనే అన్నాను. మా తమ్ముడి కొడుకు రైతు. వాడికి 36.

నగరి అత్త

అవునమ్మా. మా అత్త మా అమ్మకు వదినే. ఆవిడ వంటింట్లో ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో కూడా నాకు ముందే తెలుసు. ఆ చెన్నై పిల్ల అడిగినప్పుడు నాకు కోపం వచ్చింది. ఆ పిల్లకు మా ఇంట్లో ఏం తెలుసని అడగకుండా ఉంటుంది? ఆ సంబంధం పోయి మూడు నెలలైంది. ఫోన్ చేస్తే బాగుంటుందా, ఎవరైనా చెప్పండి.

సత్యవేడు షిఫ్ట్

చేయండి అత్తా. మహా అయితే కుదిరిపోయింది అంటారు.

రెండో అడుగు

ఇన్ని రోజులూ చదువుతూ ఊరుకున్నాను. నాకు 31. రెండేళ్లకే విడాకులయ్యాయి, పిల్లల్లేరు. మన వైపు బయోడేటాల్లో చివర ఒక వరుస ఉంటుంది, "రెండో సంబంధం వద్దు" అని. పెళ్ళికాని అబ్బాయి 38 అయినా ఆ వరుస తీయరు. పెళ్ళికి ఆడపిల్లలు లేరు లేరని ఏడ్చే ఊళ్లలోనే మాలాంటి వాళ్లం ఉన్నాం, ఎవరి కంటికీ ఆనం. వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881లో. పలమనేరు అన్నా, మీ బయోడేటాలో ఆ వరుస ఉందా?

పలమనేరు పాడిరైతు

ఉంది. మధ్యవర్తి ఇచ్చిన నమూనాలోనే ఉండింది, నేను ఎప్పుడూ ఆలోచించలేదు. మీరు అడిగాక ఈ రాత్రే తీసేశాను. అమ్మతో ఇంకా చెప్పలేదు.

మదనపల్లె టు బెంగళూరు

అన్నా, ఇంకో మాట. మీ బయోడేటాలో ఎకరాలు, ఆవులు, నక్షత్రం, పాదం అన్నీ ఉంటాయి. అమ్మాయి ఆ ఇంట్లో రోజంతా ఏం చేస్తుందో ఎక్కడైనా ఉందా? పాలు ఎవరు పిండుతారు? పేడ ఎవరు ఎత్తుతారు? ఆమె ఉద్యోగానికి పోతే మీ ఊరి నుంచి బస్సు ఉందా? నేను రైతు బిడ్డనే. నన్ను ఇవి ఎవరైనా ముందే చెప్పి అడిగి ఉంటే కనీసం ఆలోచించేదాన్ని.

పలమనేరు పాడిరైతు

ఏడు వారాల తర్వాత రాస్తున్నాను. మధ్యలో టమోటా కోతలు, రాయడానికి కుదరలేదు.

బయోడేటా మార్చాను. జాతకం వరుసలు తగ్గించి ఇవి రాశాను: పాలు మిషన్‌తో నేనే పిండుతాను. పేడ పనికి మనిషి ఉన్నాడు, రాని రోజు నేను ఎత్తుతాను. అమ్మాయి ఉద్యోగం చేయడం ఆమె ఇష్టం. రెండో సంబంధమైనా సరే. మధ్యవర్తి చదివి "ఇలాంటివి ఎవరూ రాయరు" అని గొణిగాడు. అమ్మకు చెప్పడానికి నాలుగు రోజులు పట్టింది. రెండో సంబంధం అనగానే లేచి కొట్టంలోకి పోయింది. రాత్రి అన్నం పెడుతూ "మీ నాన్న నన్ను చేసుకునేటప్పుడు నన్నెవరూ అడగలేదు, ఆ పిల్లనైనా అడగండి" అంది. ఆమె ఏమనుకుని అందో నాకు ఇప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు.

ఒక సంబంధం వచ్చింది. పలమనేరులో ల్యాబ్ టెక్నీషియన్, 32. మునుపు ఒక పెళ్ళయి విడిపోయింది. పెళ్ళిచూపులకు మేం పోలేదు. వాళ్లే, ఆమె, వాళ్లమ్మ, ఇద్దరే వచ్చారు. అమ్మ ఈసారి ఏమీ చేయలేదు, టీ పెట్టింది అంతే. భయపడింది అనుకుంటా.

ఆమె కుర్చీలో ఎక్కువసేపు కూర్చోలేదు. వంటగది చూసింది, కిటికీ తెరిచి చూసింది. బాత్రూం ఇంటి వెనకాల ఉంది, రాత్రి అక్కడ లైటు వెలుగుతుందా అని స్విచ్ వేసి చూసింది. వెలగలేదు. నాకు తల కొట్టేసినట్టయింది. నేను రోజూ ఫోన్ లైటుతోనే పోతాను, బల్బు పోయిందని గుర్తే లేదు. కొట్టంలోకి వచ్చి మిషన్ ఎలా పెడతారో అడిగింది. చివరికి గేటు దగ్గర నిలబడి, "నేను ఏడున్నరకు ల్యాబ్‌లో ఉండాలి. పొద్దున బస్సు ఖచ్చితంగా ఎన్ని గంటలకు వస్తుంది?" అని అడిగింది.

ఆరున్నర, ఏడు మధ్య అన్నాను. మధ్య అంటే ఎప్పుడు అంది. సోమవారం నుంచి మూడు రోజులు చూసి చెప్తానన్నాను.

బల్బు ఆ సాయంత్రమే మార్చాను. సోమవారం పాలు పోసి వచ్చి రోడ్డు మీద నిలబడ్డాను. 6:50కి వచ్చింది. మంగళవారం 6:45. ఈరోజు 6:50. ఇప్పుడే ఆమెకు మెసేజ్ పెట్టాను.